ఉల్లిపొర రంగు చీరలు మూడు

భూదేవికి ముంబై పోవాలని ఉండేది. అది ఇయ్యాటి కోరిక కాదు. సూరత్‌కు కాపురం వచ్చి ఇరవై రెండేండ్లాయె. ముంబై ఇక్కడికి నాలుగైదు గంటల తొవ్వ, పొద్దుగాల బండెక్కితే పగటన్నం యాల్లకు అక్కడుంటరు. అయినా మాకు తెలిసిన బండి ఒక్కటే, వరంగల్ దిక్కు పోయేది. పెండ్లయినా గదే బండి, చావయినా గదే బండి. తక్కిన బండ్లన్నీ మా ముంగటి నుంచే పోతయి. మేం మా బండి కోసం ప్లాట్‌ఫారం మీద మూటల మీద కూసోని వాటిని చూస్తుంటం.

మాది గోడాదరాల నాలుగంతస్తుల బిల్డింగ్. రెండో మాలాల, అంటే రెండో అంతస్తుల, ఈ కొస రూమ్ మాది, ఆ కొస రూమ్ భూదేవిది. నడుమ ఆరు తలుపులు, వాటి ముంగట పొడుగు గ్యాలరీ. మా మాలా మీద ఉన్నోళ్ళంతా మా దిక్కు నేతోళ్ళే. మొగోళ్ళు జోల్వా, కడోదరా దిక్కు మగ్గాల షెడ్లల్ల పని చేస్తరు. ఇక్కడ షెడ్డును ఖాతా అంటరు. ఆడోళ్ళు పగటీలి గ్యాలరీల కూసోని ధాగా పని చేస్తరు. మార్కెట్ నుంచి టెంపోల చీరల మూటలొస్తయి. మిషన్ మీద పూలు కుట్టిన చీరకు వెనుక దిక్కు దారాలు వేలాడుతుంటయి. ఒక్కొక్క దారం పట్టి కత్తెరతోని కోయాలె. గుడ్డకు కత్తెర తాకిందా, ఆ చీర మన మీదనే పడుతది.

భూదేవి చెయ్యి ఎన్నడూ తప్పలేదు. మాట్లాడుకుంటనే కోస్తది, నవ్వుకుంటనే కోస్తది, చీర దిక్కు చూడను కూడ చూడదు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పద్దెనిమిదేండ్లకు పెండ్లయి వచ్చింది. భర్త అంబదాస్ మంచోడే, కానీ ఆయనకు చాయ్ గ్లాసు చేతిలోకి రావాలె, సబ్బు చేతిలోకి రావాలె, పోయేటప్పుడు చెప్పులు కూడ కాళ్ళ ముంగటికి రావాలె. అత్త కనకవ్వ ఇంట్లనే ఉంటది. పొద్దున అయిదింటికి ఒక చాయ్, ఆరింటికి ఒకటి, డ్యూటీ దిగి మొగుడు వస్తే ఇంకొకటి. ఇరవై రెండేండ్లల్ల భూదేవి లేవకముందు ఆ ఇంట్ల స్టవ్ వెలిగింది లేదు.

గ్యాలరీల ముంబై మాట మొదలు తీసింది విజయరాణి. మా పక్క రూమ్ పిల్ల, ముప్పై ఏండ్లుంటయి. భర్త హజీరాల కంపెనీ పని, పొద్దుగాల కంపెనీ బస్సు వచ్చి తీస్కపోతది. ఆ పిల్ల ఫోన్ల ఒక ఫొటో చూపెట్టింది. ఎవరో ఆడోళ్ళు పదిమంది ఒక్క రంగు చీరలు కట్టుకోని సముద్రం ముంగట నిలబడ్డరు.

"మనం గూడ గిట్ల పోదాం వదినా," అన్నది. "శనివారం పోయి ఐతారం రావాలె. పోరగాండ్లు వద్దు, మొగోళ్ళు వద్దు."

"సముద్రమే అయితే డుమస్ ఉండె కదనే," అన్న నేను. "సిటీ బస్సెక్కితే అయిపాయె."

భూదేవి కత్తెర ఆపలేదు. "డుమస్ పోతే మాపటికి తిరిగొచ్చి బియ్యం కడగాలె అక్కా. నాకు రాత్రి అవుతల ఉండేది కావాలె. లాడ్జిల పండుకోవాలె. పొద్దుగాల ఎవడో వచ్చి తలుపు కొట్టి నాకు చాయ్ ఇయ్యాలె. నేను మంచం మీదనే కూసోని తాగాలె."

"గా చాయ్ కోసం ముంబై దాకనా?"

"ఇక్కడ ఎవలిస్తరు మరి, మా అంబదాసా? ఆయనకు మా ఇంట్ల స్టవ్ ఏ గోడకున్నదో తెల్వదు."

విజయరాణి నవ్వి నవ్వి చీర మీద పడ్డది. నేను కూడ నవ్విన. తర్వాత నాకు నేనే సిగ్గుపడ్డ.

నాకు చాయ్ పెట్టే పని తప్పి అప్పటికి ఏడో నెల. మా ఆయన, నా కొడుకు వినోద్ వాళ్ళ బాపు, పోయిన వానకాలంల జోల్వా ఖాతాల డ్యూటీ మీదనే ఛాతి పట్టుకోని కూలబడ్డడు. దవాఖానకు తీస్కపోయేటప్పటికే అయిపోయింది. ఆయన రోజుకు మూడు గ్లాసులు తాగేది. వినోద్ కడోదరాల మిల్లు పనికి పోతడు, చాయ్ అక్కడనే తాగుతడు. నేను ఒక్కదాన్ని నా కోసం స్టవ్ ముట్టియ్య. భూదేవి ఏది కావాలని అంగలారుస్తుందో అది నాకు ఏ ముంబై పోకుండనే వచ్చింది. ఆమెకు ఈ మాట నేనెప్పుడూ అనలేదు.

ఇక్కడ నిద్ర ముచ్చట చెప్పాలె. మాలో మనిషి పోతే దినాలయినంక పుట్టినింటోళ్ళు వచ్చి ఆడమనిషిని తీస్కపోతరు. ఒక రాత్రి వాళ్ళింట్ల పండుకోబెట్టి, తెల్లారి కొత్త బట్ట పెట్టి పంపుతరు. దాన్నే నిద్ర అంటరు. అది అయితేనే ఆ మనిషి మళ్ళ నలుగురి గడపలు తొక్కుతది. మా అన్న రాజమౌళి పదో దినానికి సిరిసిల్ల నుంచి వచ్చిండు. అప్పుడు వాళ్ళ కోడలు నీళ్ళాడి ఇంట్ల పసిగుడ్డు ఉన్నది. "పురుడు గడవనియ్యి చెల్లె, నేనే వచ్చి తీస్కపోత," అని పోయిండు. నేను సరే అన్న. నెల పోయింది, రెండు నెలలు పోయినయి. ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నవా అంటడు, బాగున్న అంటా, ఆ మాట ఆయన తియ్యడు, నేనూ తియ్య.

నన్ను ఎవరూ రావద్దనలేదు. నేనే పోలేదు. ఎవరింట్లనన్న ఏమన్నయితే నా పేరే కదా వచ్చేది. విజయరాణి కొడుకు పుట్టినరోజుకు కేక్ కోసినప్పుడు వాళ్ళింట్ల పాటలు పెట్టిండ్రు. నేను మా తలుపు దగ్గర నిలబడి విన్న. కొద్దిసేపటికి విజయరాణి ప్లేట్ల కేక్ ముక్క పట్టుకొచ్చి గ్యాలరీల నా చేతికి ఇచ్చింది. మంచిదే, మరిచిపోలేదు. కానీ నేను ఆ ముక్క తినలేకపోయిన. అందుకే నాకు గ్యాలరీ ఇష్టం. అది ఎవరి గడపా కాదు.

ముంబై వస్తవా అని భూదేవి అడిగినప్పుడు మొదట రాను అన్న. రెండు దినాలు ఆలోచన చేసిన. లాడ్జి కూడ గ్యాలరీ అసోంటిదే కదా. ఎవరి ఇల్లూ కాదు, ఎవరి దేవుడూ ఉండడు అక్కడ. నేను పోతే ఎవరికీ చెడు తాకదు. ఏడు నెలలల్ల నేను పోగలిగిన జాగ అదొక్కటే అనిపించింది. వస్త అన్న.

ఆ మూడు వారాలు గ్యాలరీల ఇదే ముచ్చట. విజయరాణి ఫోన్ల లాడ్జిలు చూపెట్టేది. భూదేవి ఒక్కొక్క దానికి వంక పెట్టేది. ఒకటి స్టేషన్‌కు దూరం, ఒకటి మెట్లెక్కాలె, ఒకదాంట్ల మంచం దుప్పటి మీద మరక కనవడ్డది.

"వదినా, పులిహోర కట్టుకపోదాం, బండిల తినడానికి," అన్నది విజయరాణి.

"మల్ల వంటనేనా? పులిహోర పేరు తీస్తే నిన్ను ముంబై రాకముందే బోరివలిల దింపేస్త."

చీరలు భూదేవే తెచ్చింది. మార్కెట్ల సెకండ్ మాలు కుప్పల నుంచి ఒక్క రంగువి మూడు ఏరింది. ఉల్లిపొర రంగు, సన్న జరీ అంచు. విజయరాణికి నచ్చలేదు.

"గిదేం రంగు వదినా, ఫొటోల కనబడనే కనబడదు. ఎర్రటిది తేవద్దా?"

"నాకు గిదే నచ్చింది," అన్నది భూదేవి. నా దిక్కు చూడలేదు. నాకు మాత్రం తెలిసింది. ఎర్రది తెస్తే నేను కట్ట, తెల్లది తెస్తే మూడూ తెల్లగ అయితయి. ఆ మార్కెట్ల ఎన్ని కుప్పలు తిరిగితే ఆ నడిమి రంగు దొరికిందో.

బండి శనివారం పొద్దుగాల. టికెట్లు అయినయి. ఇంక ఎనిమిది దినాలున్నయి అనంగ ఒకనాడు మాపటిజాముల వినోద్ పని నుంచి వచ్చి చెప్పులు కూడ విడువలేదు.

"అమ్మా, నిన్ను నిద్రకు తీస్కపోతున్నరా?"

"ఎవలన్నరు?"

"అంబదాస్ కాక. కింద పాన్ డబ్బా కాడ కలిసిండు. ముంబై పక్కన భివండిల మీ దగ్గరోళ్ళున్నరట గదా, మామ రాకపాయె, పోనీ వాళ్ళన్నా పట్టించుకున్నరు, మంచిగైంది, అన్నడు. మనకు భివండిల ఎవలున్నరే?"

"ఎవలూ లేరు."

"మరి?"

వాడు చెప్పులు విడిచి లోపలికి పోయిండు. పోయేటప్పుడు, "నువ్వు ఎటన్న తిరిగి చూసొస్తనంటే నేను వద్దననేవాణ్ణి కాదు. అబద్ధం ఎందుకే," అన్నడు.

నేను గ్యాలరీలకు పోయిన. భూదేవి ఒక్కతే ఉన్నది, చీర ఒడిలున్నది.

"భివండిల నాకు ఎవలున్నరు భూదేవీ?"

కత్తెర ఆగింది.

"సైర్‌కు ఊరు చూడ పోతం అంటే పంపుతరా అక్కా," అన్నది. "దీపావళి సంది ఆయన్ను అడుగుతున్న. ఇల్లెవలు చూడాలె అంటడు. అత్తమ్మకు బీపీ గోలి ఎవలియ్యాలె అంటడు. విజయరాణి మొగడయితే నవ్విండు, అంతే. ఒక్కనాడు నోట్లె నుంచి వచ్చింది, మంగక్కను నిద్రకు తీస్కపోవాలె, ఆడోళ్ళం తోడు పోవాలె అని. ఒక్క మాట అనలే అక్కా ఆయన. సబ్బు ఆయనే తీస్కున్నడు ఆనాడు."

"మా ఆయన పోయింది మీ సైర్‌కు టికెట్ అయింది."

ఆ మాట నేనే అన్ననా అని నాకే అనిపించింది. నేను పెద్దగ అనలేదు. భూదేవి తల వంచుకోని మళ్ళ దారం పట్టింది, కోసింది. కోసింది దారం కాదు. చీర నడుమ పైసంత బొక్క పడ్డది. ఇద్దరం దాన్నే చూసినం. ఆమె ఆ బొక్క మీద వేలు పెట్టి అట్లనే కూసున్నది. నేను లేచి వచ్చిన.

ఆ రాత్రి ఆమె మీద కోపం పెంచుకుందామని చూసిన. కుదరలేదు. దినాలు అయ్యేదాక పది రోజులు నా పక్కన చాప మీద పండుకున్నది భూదేవే. గాజులు తీసేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నది ఆమెనే. ఆ పది దినాలు వాళ్ళింట్ల ఎవరు చాయ్ పెట్టిండ్రో నేను అడగనే లేదు.

అబద్ధానికి కాళ్ళొచ్చి మా కంటె ముందే పోయింది. మా మాలా మీది ఒకామె సిరిసిల్లల చుట్టాలకు ఫోన్ల చెప్పిందట, వాళ్ళు పోయి మా అన్నకు చెప్పిండ్రు. మూడోనాడు ఆయన ఫోన్ చేసిండు.

"చెల్లె, నిన్నెవలో నిద్రకు కొంటవోతున్నరట. పుట్టినిల్లు లేనిదానివా నువ్వు? మేం సచ్చినమా?"

"గట్ల కాదన్నా."

"ఎట్లనన్న గానీ. శుక్రారం మాపు బండెక్కుత, శనివారం పగటీలి ఆడుంట. ఎటు పోకు."

శనివారమే. ఫోన్ పెట్టేసి నేను గోడకు ఒరిగి కూసున్న. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను. ఏడు నెలలు ఎదురుచూసిన మాట, ఒక అబద్ధం పుణ్యమా అని వచ్చింది. మా అన్న వస్తుండు. మా అమ్మ పండుకున్న ఇంట్ల నేను పండుకుంట. తిరిగొచ్చినంక ఆరు తలుపులల్ల ఏ తలుపన్న తట్టుకుంట.

గ్యాలరీల చెప్పిన. నేను పోకుంటే నిద్ర లేదు, నిద్ర లేకుంటే ముంబై లేదు. ముగ్గురికీ తెలుసు.

విజయరాణి ముఖం మాడ్చుకున్నది. "ఏడు నెలలు రానోడు గా శనివారమే రావాల్నా అక్కా. జర వచ్చే వారం రమ్మనరాదు?"

"ఇప్పుడు కాదంటే మల్ల వస్తడో రాడో."

"నీకేం, నువ్వు ఊరన్న పోతవు. మేమేడికి పోవాలె?"

"ఊకో విజయా," అన్నది భూదేవి. చీర మడత పెట్టి పక్కకు పెట్టింది. "అన్న వస్తుండంటె అంతకంటె ఏం గావాలె. మంచిగ పోయి రా అక్కా. ముంబై ఏడికి పోతది, ఆడనే ఉంటది."

విజయరాణి కత్తెర తీస్కోని లోపలికి పోయింది. తలుపు మెల్లగనే వేసింది.

శనివారం పొద్దుగాల ముంబై బండి పోయే యాల్లకు నేను పుంటికూర తెంపుతున్న. అన్నకు పుంటికూర పప్పు ఇష్టం. బ్యాగుల రెండు చీరలు పెట్టుకున్న. పగటీలి ఒంటిగంట అయింది, రెండయింది. బండి లేటేమో అనుకున్న. మూడింటికి ఫోన్ చేసిన.

ఆయన ఎత్తిండు, కానీ ఆయన మాట కంటె ముందు మగ్గాల చప్పుడు వచ్చింది. రైలు చప్పుడును మగ్గం చప్పుడనుకునేదాన్ని కాదు నేను, ఆ చప్పుడుల పుట్టి పెరిగిన. అన్న సిరిసిల్లల మగ్గం మీదనే ఉన్నడు.

"చెల్లె, నిన్న ఎక్కుదామనే తయారైన," అన్నడు గట్టిగ, చప్పుడు మీదికి. "నూలు బీములు అయిపోయినయి, కొత్తవి ఎక్కియ్యాలె, మనిషి లేడు. అమాస పోనియ్యి. పక్కా వస్త."

"సరే అన్నా."

"నువ్వైతే వాళ్ళెంబడి పోలే కదా?"

"పోలేదు."

"గది మంచిగైంది."

"అన్నం తిన్నవా?" అని అడిగిన. తిన్న అన్నడు. పెట్టేసిన.

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనకు కావల్సింది నేను పోకపోవుడు. అది అయింది. ఇంక ఆయన రావాల్సిన పనేమున్నది. ఈ మాట ఇంత తేటగ నాకు ఏడు నెలల నుంచి తెల్వదు, ఆ మగ్గాల చప్పుడుల తెలిసింది.

మాపటికి పుంటికూర పప్పు మళ్ళ వేడి చేసి గిన్నెల పెట్టుకున్న. గ్యాలరీల నడిచిన, ఆరు తలుపులు దాటి భూదేవి గడప ముంగట ఆగిన. లోపల పండుగ లేదు, ఏం లేదు. గోడ పొడుగూత చీరల మూటలు, వాటి నడుమ భూదేవి, మంచం మీద కనకవ్వ. అంబదాస్ డ్యూటీకి పోయిండు.

"అన్న రాలేదు," అన్న. "ఇయ్యాల నిద్రకు నీ ఇంటికి వస్తనే భూదేవీ. రావచ్చునా?"

భూదేవి అత్త దిక్కు చూసింది. ఆ ఇంటికి పెద్ద ఆమె. నేను గడప అవతల గిన్నె పట్టుకోని నిలబడ్డ. చేతులు కాలుతున్నయి.

కనకవ్వ లేచి కూసున్నది. "భివండిల ఏమాయె మీ దగ్గరోళ్ళు?"

భూదేవి చీర దిక్కు తల వంచింది. కనకవ్వ ఆగలేదు.

"మా ఆయన ఉన్నప్పుడు పదిహేనేండ్లు భివండిలనే ఉన్న నేను. అక్కడ మీ ఇంటిపేరోళ్ళు ఎవలున్నరో ఎవలు లేరో నాకు తెల్వదనుకున్నరా? తెలిసే ఊకున్న. నా కోడలు ఇరవై ఏండ్ల సంది గీ గోడల నడుమ ఉన్నది, పోయి రానియ్యి అని ఊకున్న." నా దిక్కు తిరిగింది. "లోపలికి రా బిడ్డా. ఏ కాలు ముందుగాల పెట్టాలె అని నిలవడకు, గిన్నె కాలుతుంటది. రా."

పోయిన. ఏడు నెలలల్ల నేను తొక్కిన మొదటి గడప అది. లోపల చీరల గంజి వాసన, అగరొత్తి వాసన. కూసోమంటే కూసున్న.

"నిద్రకొచ్చినోళ్ళకు బట్ట పెట్టాలె," అన్నది కనకవ్వ. "ఉట్టిగ పంపద్దు."

ఆ ఇంట్ల ఆనాడు మూడు మూటల చీరలున్నయి. ఒక్కటి కూడ వాళ్ళది కాదు, అన్నీ సేఠ్‌వి. భూదేవి లేచి అల్మారా తెరిచింది. ఉల్లిపొర రంగు చీర తీసింది, ముంబై కోసం తనకని పెట్టుకున్నది. నా దగ్గర అసోంటిదే ఇంకొకటున్నది కదా అన్న నేను. అది నువ్వు తీసుకున్నది, ఇది నేను పెట్టేది, అన్నది.

తెల్లారి అయిదింటికి నాకే మెలకువ వచ్చింది. పక్కన చాప మీద భూదేవి నోరు తెరుచుకోని పండుకున్నది. కనకవ్వ అప్పుడే లేచి గోడకు ఒరిగి కూసున్నది, చాయ్ కోసం ఎదురుచూస్తున్నది. నేను చప్పుడు చెయ్యకుండ లేచి వాళ్ళ స్టవ్ ముట్టిచ్చిన. నిద్రకు వచ్చిన మనిషి పని ముట్టొద్దు, అది కనకవ్వకూ తెలుసు నాకూ తెలుసు. ఆమె చూసి తల అటు తిప్పుకున్నది. నాలుగు గ్లాసులు పోసిన. ఒకటి ముసలామెకు, ఒకటి డ్యూటీ దిగి వచ్చే అంబదాస్‌కు మూత పెట్టి. ఏడు నెలలకు నాకోసం ఒకటి పోసుకున్న.

నాలుగోది పట్టుకపోయి తలుపు లోపలి దిక్కు రెండు సార్లు వేలితోని కొట్టిన.

భూదేవి కండ్లు తెరిచింది. నన్ను చూసింది, గ్లాసు చూసింది. లేవబోయి, మళ్ళ చాప మీదనే గోడకు ఆనుకోని కూసోని చెయ్యి చాపింది. ఒక గుటక తాగింది. ఇంకో గుటక తాగి మొఖం అటు పెట్టుకోని కొంగుతోని తుడుచుకున్నది.

"చక్కెర తక్కువైంది," అన్నది. "ముంబైల గిట్ల చేస్తే ఊకోను."

విజయరాణి నాతోని ఇంకా సక్కగ మాట్లాడతలేదు. రేపో ఎల్లుండో వాళ్ళ తలుపు తట్టాలె.